డిష్‌కు పాళీలు

సోమవారం పొద్దున గంగవ్వ టీవీ పెట్టేసరికి తెలుగు చానల్ లేదు. ఉండాల్సిన చోట నల్లటి తెర, దాని మధ్య ఇంగ్లీషులో రెండే రెండు ముక్కలు. ఆమె రిమోట్‌ను అరచేతికి కొట్టి చూసింది, కొంగుతో తుడిచి చూసింది, చివరికి టీవీ నెత్తిన కూడా ఒకటి మొట్టింది. సూరత్‌లోని ఈ గోడాదరాకు వచ్చి ఏడాది కాలేదు గానీ, టీవీకి చేసే వైద్యం ఏ ఊళ్లోనైనా ఒకటే కదా.

"పిల్లా, నా ముచ్చట్లు పోయినయి," అంది కోడలితో.

ప్రమీల గడప దగ్గర కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. ఎంబ్రాయిడరీ మిషను ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దూకినప్పుడల్లా వెనకవైపు ఒక దారం వదిలేసి పోతుంది. ఆ వదిలేసిన దారాలన్నీ ఇళ్లలో ఆడవాళ్లే కత్తిరించాలి. చేతిలో ఉన్న చిన్న కత్తెర వదలకుండానే ఆమె లోపలికి తొంగి చూసింది.

"వస్తది తియ్యి అత్తమ్మా. వాన గిట్ల పడ్డదేమో ఆడ."

"మార్గశిరంల వానేంది?"

జవాబు లేని ప్రశ్న ప్రమీలను ఊరికే ఉండనివ్వదు. చిన్నప్పటి నుంచీ అంతే. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం అని వాళ్లమ్మ తిట్టేది.

మంగళవారానికి కూడా చానల్ రాలేదు. పొద్దున ఏడు గంటలకు వచ్చే 'పల్లె పలకరింపు' గంగవ్వకు ప్రాణం. ఒకతను రోజుకో ఊరికి పోయి, అరుగుల మీద కూర్చున్న వాళ్లను పలకరించి, ఏం పంటలు, ఏం కూరలు అని అడిగి తెలుసుకుంటాడు. జగిత్యాల జిల్లాలోకి ఈ మధ్యనే అడుగు పెట్టాడు. ఇవాళ కాకపోతే రేపు తమ చింతలకుంటకు వస్తాడని ఆమె లెక్క. అతని కోసం నిద్ర లేచేది, అతను పోయాక టీ తాగేది. ఈ బిల్డింగులో ఒరియా వాళ్లు, యూపీ వాళ్లు, మరాఠీ వాళ్లు. తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నా అందరూ పొద్దున పోతే పొద్దుగూకాకే వస్తారు. ఫోన్‌లో చూపిద్దామంటే ఇంటికి ఒకటే ఫోను, అది కొడుకు జేబులో మిల్లుకు పోతుంది. ఉన్నా ఆమెకు నచ్చదు. ఫోన్‌లో మనుషులు చీమల్లాగా ఉంటారట.

"గిది రాకుంటె నేను చిన్నబిడ్డ కాడికి పోత," అంది గంగవ్వ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని. "మాట్లాడెటోళ్లు లేకపాయె. ఇనేటందుకన్న లేకుంటె ఎట్ల?"

ఖటోదరాలో ఒక చీరల కార్ఖానాలో ప్రమీలకు చెకింగ్ పని దొరికింది. వచ్చే వారం గురువారం నుంచి రమ్మన్నారు. నాలుగేళ్ల అక్షరను చూసుకోవడానికి అత్త ఉందన్న ధైర్యంతోనే ఒప్పుకుంది. పెళ్లయి సూరత్ వచ్చిన నాటి నుంచి ఈ గడప దగ్గరే కూర్చుని, ఊళ్లోకి పోయే చీరలను చూస్తూ ఉంది. ఆ చీరలు పోయే చోటికి తనూ పోతానని ఎంత సంబరపడిందో! అత్త పెట్టె సర్దిందంటే ఆ పని అక్కడికి సరి.

సాయంత్రం కేబుల్ రఘుపతి మెట్లెక్కుతుంటే ప్రమీల ఎదురుపోయి పట్టుకుంది. రఘుపతిది కోరుట్ల వైపు. పక్క సందులో మన్‌హర్‌భాయ్ అనే గుజరాతీ ఆయన కేబుల్ నడుపుతాడు, ఆయన దగ్గర తీగలు లాగే పని ఇతనిది. పెద్ద చానళ్లన్నీ కంపెనీ వైరులో వస్తాయి. కంపెనీ ఇవ్వని చిన్నాచితకా చానళ్లను మాత్రం మన్‌హర్‌భాయ్ ఈ బిల్డింగు డాబా మీది జల్లెడలాంటి పెద్ద డిష్‌తో పట్టి వదులుతాడు.

"మన చానల్ ఏమైంది అన్నా?"

"పర్మిట్ అయిపోయింది చెల్లె."

"చానల్‌దా?"

"చానల్‌ది కాదు. ఉపగ్రహంది."

ప్రమీల కొంగు నడుముకు చెక్కుకుంది. ఇంత మంచి ముచ్చట దొరికాక ఊరికే వదులుతుందా? రఘుపతికి కూడా చెప్పడం ఇష్టమే. అతన్ని అడిగేవాళ్లే లేరు. అందరూ రాలేదని తిట్టేవాళ్లే గానీ ఎట్లా వస్తుందని అడిగినవాళ్లు లేరు.

"మన చానల్ మోసే ఉపగ్రహం పరాయి దేశంది. అది మన దేశంల చానళ్లు దించాలంటె ఢిల్లీ సర్కార్ ఒప్పుకోవాలె. మహారాష్ట్ర ఆటో సూరత్‌ల తిరుగుతదా? బార్డర్‌ల నవాపూర్ కాడ్నే ఆపుతరు. గిది గూడ గంతే. సర్కార్ మల్ల పర్మిట్ ఇయ్యలె. పర్మిట్ ఉన్నదాంట్లకు మారుండ్రి అని చానలోళ్లకు హుకుం వచ్చింది. వాళ్లు మారిండ్రు."

"మరి ఆకాశంల పోలీసోడు ఎవరున్నరు, ఆపనీకి?"

రఘుపతి నవ్వాడు. "ఆకాశంల ఎవ్వడు లేడు. కింద ఉన్నోళ్ల మెడనే పట్టుకుంటరు."

"ఆటో పర్మిట్ పోతె ఆటోలకెల్లి దిగి ఇంకోటి ఎక్కినట్టు, మన చానల్ ఇంకో ఉపగ్రహం ఎక్కింది. గంతేనా?"

"గంతే."

"అయితె మనం ఆ రెండోదాని దిక్కు మొఖం తిప్పితె సరిపాయె."

"తిప్పొచ్చు," అని రఘుపతి తల గోక్కున్నాడు. "గని సేఠ్ తిప్పుమనాలె. ఆ డిష్ మీద ఇంకోటి గూడ ఉన్నది..."

ఆ మాట ప్రమీల చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. అన్నిటికీ ఎందుకు, ఏమిటి అని అడిగే మనిషి, ఈ ఒక్కదానికీ ఏమిటని అడగలేదు. ఆమె మనసు అప్పటికే మన్‌హర్‌భాయ్ దుకాణం ముందు ఉంది.

బుధవారం పొద్దున బిల్డింగులోని తెలుగు ఆడవాళ్లను, వాళ్లు పనులకు పోకముందే, వెంటేసుకుని వెళ్లింది. మన్‌హర్‌భాయ్ ఫోన్ రీచార్జులు చేసే చిన్న కొట్టులో కూర్చుని అగరొత్తి వెలిగిస్తున్నాడు. ఇంతమందిని ఒక్కసారి చూసేసరికి అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. రెండో డిష్ పెట్టమని అడిగితే ఆయన చేతులు జోడించాడు. బిల్డింగు యజమాని ఒప్పుకోడట. ఉన్న ఒక్క డిష్ బోల్టులకే స్లాబు కారుతోందని పోయిన వానాకాలం అంతా ఆయన ప్రాణం తీశాడట.

"తిప్పుకోవాలంటే ఉన్నదే తిప్పుకోండి," అన్నాడు హిందీలో, ఆ గుంపు తన కొట్టు ముందు నుంచి కదిలితే చాలన్నట్టు.

ఆ రోజు దేవదాస్‌కు మిల్లు సెలవు. ప్రమీల మొగుడు దేవదాస్ మగ్గాల మీద పదిహేనేళ్లుగా పని చేస్తున్నాడు. ఆ చప్పుడులో పక్కవాడి కేక కూడా వినపడదు కాబట్టి మగ్గాలవాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని, పిడికిలి పైకెత్తితే ఆపమని, అరచేయి ముందుకు ఊపితే నడవనీయమని. ఇంట్లో కూడా అతనికి అదే అలవాటు. కూర బాగుందా అని అడిగితే అరచేయి ఊపుతాడు.

ఆ అలవాటు ఆ రోజు పనికొచ్చింది. బిల్డింగుకు నాలుగు వైపులా గదులు, నడుమ ఖాళీ. డాబా అంచున నిలబడితే ఎదుటి వరండాలో ప్రమీల వాళ్ల తలుపు కనపడుతుంది. రఘుపతి పానాతో నట్లు వదులు చేసి డిష్‌ను వెంట్రుకవాసి జరుపుతుంటే, దేవదాస్ అంచున నిలబడ్డాడు. గంగవ్వ టీవీ ముందు, ప్రమీల తలుపు దగ్గర. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా జరిపారు. ఒకసారి ఎవరో అరబ్బీలో వార్తలు చదివారు. ఒకసారి అంతా చుక్కలు చుక్కలు. చివరికి గంగవ్వ "ఆఁ!" అంది. ప్రమీల పిడికిలి ఎత్తింది. దేవదాస్ వెనక్కి తిరిగి పిడికిలి ఎత్తాడు. రఘుపతి నట్టు బిగించాడు.

ముప్పై ఆరువేల కిలోమీటర్ల పైన ఉంటుందట ఆ ఉపగ్రహం. మనతోపాటే తిరుగుతుంది కాబట్టి ఒక్కచోటే నిలబడినట్టు ఉంటుందట. అంత దూరంలో ఉన్నదాన్ని పట్టుకోవడానికి వేలెడంత తేడా చాలట. రఘుపతి చెప్పిన ఈ సంగతులు ప్రమీల ఆ పూటంతా నెమరేసుకుంది.

గురువారం పొద్దున 'పల్లె పలకరింపు' చూసి గంగవ్వ టీ తాగింది. ప్రమీల కొత్త చీరల మూట విప్పి, సగం పంచుదామని పక్కగదికి వెళ్లింది.

పక్కగది కుంతలది. గంజాం జిల్లా నుంచి వచ్చిన ఒరియా పిల్ల. మొగుడు బిద్యాధర్, దేవదాస్ పనిచేసే మిల్లులోనే రాత్రి పాళీ చేస్తాడు. సూరత్‌లో షిఫ్టును పాళీ అంటారు. ప్రమీల, కుంతల రోజూ వరండాలో ఎదురెదురుగా కూర్చుని ఒకే మూటలోని చీరలు కత్తిరిస్తారు, వచ్చీరాని హిందీలో కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఆ రోజు మాత్రం కుంతల తలుపు దగ్గరగా వేసి ఉంది. గడప నుంచి లోపలికి బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేసి ఉన్నాయి. మార్గశిర గురువారాల్లో వాళ్లకు లక్ష్మీపూజ అని ప్రమీలకు తెలుసు. పాదాలు తొక్కకుండా పక్కనుంచి అడుగేసి తలుపు తోసింది.

కుంతల తడి జుట్టుతో కూర్చుని ఉంది. ముందు ఇత్తడి మానికలో కొత్త వడ్లు, పూలు, అరటిపండు. వాటి వెనక టీవీ. టీవీలో నల్లటి తెర, దాని మధ్య ఇంగ్లీషులో రెండే రెండు ముక్కలు.

ప్రమీలకు చదవడం రాదు గానీ ఆ ముక్కల ఆకారం సోమవారం నుంచి కంటికి బాగా అలవాటైంది. అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"కథా నహీ ఆయా, దీదీ," అంది కుంతల. కథ వినకుండా ఆ పూజ పూర్తి కాదట. అత్తగారు ఉంటే చదివి వినిపించేది. తనకు చదువు రాదు. పోయిన గురువారం దాకా తెల్లవారుజామున టీవీలో ఒకావిడ చదివేది, తను వినేది. "మీ అత్తకు వచ్చిందా తెలుగు చానల్? మంచిదే."

ఆ చివరి మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేదని ప్రమీలకు అనిపించింది. చేతిలోని మూట ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని బయటికి వచ్చింది.

"నీకు తెలుసు గదన్నా," అని రఘుపతి మీద పడింది.

"చెప్పబోయిన గద చెల్లె, ఆ డిష్ మీద ఇంకోటి ఉన్నదని. నువ్వు ఏందని అడగలె. ఒరియా చానల్ ఇంక పాతదాంట్లనే ఉన్నది. ఒక్కొక్క చానల్‌కు ఒక్కొక్క గడువు ఇచ్చింది సర్కార్. వాళ్లకు ఫిబ్రవరి దాంక ఉన్నది. మనది తిప్పితె వాళ్లది పాయె, వాళ్లది తిప్పితె మనది పాయె."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో తన పిడికెడే పెద్దదని ప్రమీలకు తెలుసు. అట్లాగని మళ్లీ వెనక్కి తిప్పమంటే గంగవ్వ పెట్టె సర్దుతుంది. ఖటోదరా పని మిగలదు. ఆ రోజంతా ఒక్క చీర కూడా సరిగ్గా కత్తిరించలేదు. రెండు చోట్ల దారంతోపాటు బట్ట కూడా తెగింది.

మర్నాడు బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కింది. కింది అంతస్తులో ఒంటరి మగవాళ్ల గదులున్నాయి. అక్కడ ఒక్కో పరుపుకు ఇద్దరు మనుషులు. ఒకడు పగలు పాళీకి పోతే రాత్రి పాళీవాడు వచ్చి అదే పరుపు మీద పడుకుంటాడు. పరుపు చల్లారడం ఎవడూ ఎరగడు. వాళ్లలో ఒకడు దుప్పటి తెచ్చి తీగ మీద దులుపుతున్నాడు. ప్రమీల దుప్పటిని చూసింది, డిష్‌ను చూసింది. తడి చీర బకెట్‌లోనే వదిలేసి మెట్లు దిగింది.

"ఒక్క పరుపు మీద ఇద్దరు పంటలేరా పాళీల లెక్క," అంది రాత్రి అన్నాల దగ్గర మొగుడితో. "డిష్‌కు గూడ పాళీలు పెడితె ఏమాయె? పగలు మాది, రాత్రి వాళ్లది."

దేవదాస్ ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. తర్వాత అరచేయి ముందుకు ఊపాడు.

రఘుపతి మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. డిష్ అంటే మంచం కాదని, ఒక్కసారి తిప్పడానికే పూటంతా పట్టిందని గుర్తు చేశాడు. మగ్గం మీద బట్ట రకం మార్చినప్పుడు మళ్లీ పాత కొలతకు రావడానికి రంగు గీత పెట్టుకుంటామని దేవదాస్ అన్నాడు. అంతే కదా అని రఘుపతి కూడా ఒప్పుకున్నాడు. మన్‌హర్‌భాయ్ విని, ఏమైనా చేసుకోండి, ఫిర్యాదు మాత్రం నా దగ్గరికి తేకండి అన్నాడు. ఆదివారం బిద్యాధర్‌ను, దేవదాస్‌ను పెట్టుకుని రఘుపతి రెండు ఉపగ్రహాలనూ పట్టి గీతలు పెట్టాడు. డిష్ స్తంభం మీద ఒరియా గీత కుంతల గోళ్ల రంగుతో ఎర్రగా, తెలుగు గీత మిల్లు నుంచి తెచ్చిన పసుపు రంగుతో.

ఎవరు తిప్పాలన్న మాట వచ్చినప్పుడు బిద్యాధర్ చేతులతోనే తేల్చేశాడు. మగ్గం అప్పగించేటప్పుడు తెగిన దారాలు ముడేసి, నడిచే మగ్గాన్ని అప్పగించాలి. తెగినదాన్ని అట్లాగే వదిలిపోయేవాడిని మిల్లులో మనిషిగా చూడరు. అందుకని పాళీ అయిపోయినవాడే రెండోవాడి కోసం తిప్పి పోవాలి. పొద్దున రాత్రి పాళీ దిగి వచ్చే బిద్యాధర్ తెలుగు వైపు తిప్పుతాడు. సాయంత్రం మిల్లు నుంచి వచ్చే దేవదాస్ ఒరియా వైపు తిప్పుతాడు.

సోమవారం పొద్దున బిద్యాధర్ జుట్టులో దూది పీచుతోనే డాబా ఎక్కాడు. తలుపు దగ్గర నిలబడి సైగ చెయ్యాల్సింది ప్రమీల. కానీ ఆమె అక్షరకు జడ వేస్తోంది.

"నేను చేస్త జరుగు," అని గంగవ్వ గడపలోకి వచ్చింది.

ఒరియా పిలగాడికి తెలుగు రాదు, ఆమెకు తెలుగు తప్ప రాదు. అతను వేళ్లు తిప్పి ఇంకొంచెమా అని అడిగాడు. ఆమె టీవీ వైపు చూసి అరచేయి ఊపింది. బొమ్మ రాగానే పిడికిలి ఎత్తింది. పైనుంచి అతను దండం పెట్టాడు. గంగవ్వకు అది ఎంత నచ్చిందంటే, మంగళవారం అతను వచ్చేసరికే గడపలో తయారుగా ఉంది. సాయంత్రం పూట కుంతల తలుపు దగ్గర కూడా తనే నిలబడి, వచ్చిందో లేదో కనుక్కుని కొడుక్కి సైగ చేయడం మొదలుపెట్టింది.

ఆ మంగళవారమే చానల్‌లో చెప్పారు. 'పల్లె పలకరింపు' గురువారం చింతలకుంటలో. గంగవ్వ ఆ మాట బిల్డింగంతా చాటింది. తెలుగు రానివాళ్లకు కూడా చెప్పింది. ఏం అర్థమైందో గానీ కుంతల తల ఊపింది.

గురువారం పొద్దున ప్రమీల ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. ఖటోదరా పోవడానికి సందు చివర షేర్ రిక్షా ఎక్కాలి. అత్తకు చెబుదామని చూస్తే గదిలో లేదు. అక్షరా లేదు. టీవీ ఆపి ఉంది.

ఇద్దరూ పక్కగదిలో ఉన్నారు. ఆ రోజు మార్గశిరంలో చివరి గురువారమట. కుంతల గడప నిండా పాదాలు వేసి, గంగవ్వను చెయ్యి పట్టి పిలుచుకుపోయిందట. గంగవ్వ తలుపు వారగా, పాదాలకు తగలకుండా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అక్షర ఆమె ఒడిలో ఉంది. టీవీలో ఒకావిడ పుస్తకం ముందు పెట్టుకుని రాగం తీస్తోంది, నడుమ నడుమ బొమ్మలు చూపిస్తున్నారు. ఆ రోజు ప్రసారం ఆలస్యంగా మొదలైనట్టుంది. కథ ఇంకా నడుమనే ఉంది.

ప్రమీల అత్త కుడిచేతిని చూసింది. పిడికిలి మూసి మోకాలి మీద పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి బియ్యపు గింజలు కనపడుతున్నాయి. ఇంట్లో ఏ వ్రతమైనా ఆమె ఇట్లాగే కూర్చుంటుంది. కథ అయ్యేదాకా అక్షింతలు చేతిలోంచి జారకూడదు, మనిషి లేవకూడదు.

అంతలో పైన అడుగుల చప్పుడు. బిద్యాధర్ వచ్చాడు. డాబా అంచు నుంచి వంగి, ఈ తలుపు దగ్గరే గంగవ్వ కనపడేసరికి, తిప్పనా అని వేళ్లు తిప్పాడు. తన ఇంట్లో కథ కాలేదని అతనికి వినపడుతూనే ఉంది. అయినా పాళీ అంటే పాళీ. కుంతల మొగుడి వైపు ఒకసారి చూసింది. కథ తెగేలోపల దేవికి కొంచెమన్నా ముట్టాలన్నట్టు గబగబా చేతులు జోడించింది.

"అత్తమ్మా, ఏడు అయితుంది," అంది ప్రమీల. "మన చింతలకుంట."

బిద్యాధర్ నట్టుకు పానా పెట్టాడు.

గంగవ్వ కుడిచెయ్యి గడప బయటికి చాచి పైకెత్తింది. పిడికిలి. ఆపమని.

తప్పు చూశానేమో అనుకుని అతను పసుపు గీతను చూపించాడు, ఆమెను చూపించాడు, గాలిలో టీవీ ఆకారం గీశాడు. మీ పాళీ అని. గంగవ్వ అతని వైపు చూడనే లేదు. చూపు తెర మీదే ఉంది. పిడికిలి మాత్రం దిగలేదు.

"మల్ల రాదు అత్తమ్మా. ఒక్కసారే ఏస్తరు," అంది ప్రమీల.

"చింతలకుంట నేను సూడందా? గీ కథ ఎన్నడు ఇనలె."

"నీకేం సమజ్ అయితుంది?"

"లచ్చిందేవి అలిగి ఇల్లిడిసి పోయినట్టున్నది. మల్ల ఇంట్లకు వచ్చేదాంక సూడాలె గద," అని గంగవ్వ ఎడమచేత్తో అక్షర తల నిమిరింది. "నువ్వు పో బిడ్డా, రిక్షా పోతది. పిల్లకు నేను అన్నం పెడ్త."

ప్రమీల సంచి భుజానికి వేసుకుని, లోపలికి నడుస్తున్న ఆ తెల్లటి పాదాల పక్కనుంచి తను బయటికి నడిచింది. మెట్ల మలుపులో ఆగి తల ఎత్తి చూసింది. వరండాలో అత్త చెయ్యి ఇంకా పైకే ఉంది. బిద్యాధర్ పానాను పిట్టగోడ మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.